ఇంట్లో పిల్లికో కుక్కకో కరోనా అని తేలితే ఏం చెయ్యాలి? స్టెప్ బై స్టెప్

పిల్లి బ్లడ్ రిపోర్ట్‌లో "కరోనా పాజిటివ్" అని కనపడగానే ఇంట్లో అందరికీ గుండెల్లో రాయి పడినట్టవుతుంది. మాస్కులు బయటికి వస్తాయి, పిల్లల్ని అమ్మమ్మ వాళ్ళింటికి పంపేస్తారు, పిల్లిని బాల్కనీలో పెట్టి తలుపేస్తారు. నిజానికి ఆ రిపోర్ట్‌కీ, 2020లో మనందర్నీ ఇంట్లో కూర్చోబెట్టిన వైరస్‌కీ చాలాసార్లు సంబంధమే ఉండదు. ఇంకోరకం వాళ్ళుంటారు, "అబ్బే అది మనుషులకి వచ్చేది కాదంట" అని తెలిశాక ఇంక పట్టించుకోరు, పిల్లికి పొట్ట పెరుగుతుంటే బాగా తింటోంది, లావైంది అనుకుంటారు. మొదటి రకం వాళ్ళకి అనవసరంగా రెండు రోజుల నిద్ర పోతుంది అంతే, రెండో రకం వాళ్ళకి పిల్లే పోతుంది.

1వ స్టెప్: ముందు ఇది ఏ కరోనానో తేల్చుకోండి

కరోనా అనేది ఒక్క వైరస్ పేరు కాదు, పెద్ద కుటుంబం. ఇంట్లో పెంచుకునే వాటి విషయంలో మనకి కావాల్సినవి నాలుగే. ఒకటి మన కోవిడ్, అది మన దగ్గర్నుంచే వాటికి అంటుతుంది. రెండోది పిల్లుల సొంత కరోనా, పేగుల్లో ఉంటుంది, మనకి రాదు. మూడోది కుక్కపిల్లలకి లూజ్ మోషన్స్ తెచ్చేది, నాలుగోది కుక్కల్లో దగ్గు తెచ్చేది, అది 2003లో బ్రిటన్‌లో బయటపడింది, కెన్నెల్ కాఫ్ అంటారే ఆ గుంపులో ఇదీ ఒకటి.

క్లినిక్‌లో చేసిన టెస్ట్ పేరు ఏంటో డాక్టర్‌ని అడిగి రాసుకోండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఎఫ్‌సీఓవీ అని ఉంటే పిల్లిది, సీసీవీ అని ఉంటే కుక్కది, సార్స్ కోవ్ 2 అని ఉంటేనే మన కోవిడ్. కుక్కపిల్లలకి వాడే రాపిడ్ కిట్‌లలో పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే విరేచనాల వైరస్), కరోనా రెండిటికీ కలిపి గీతలు ఉంటాయి, అక్కడ కరోనా గీత కనపడితే అది కుక్కల కరోనానే. దానికి మీరు మాస్క్ పెట్టుకోనక్కర్లేదు.

2వ స్టెప్: ఇంట్లో మనిషికి కోవిడ్ వస్తే

ఇక్కడ మనం వాటిని కాపాడాలి, వాటి నుంచి మనల్ని కాదు. 2020 ఫిబ్రవరి చివర్లో హాంగ్‌కాంగ్‌లో 17 ఏళ్ళ పొమేరియన్‌కి వీక్ పాజిటివ్ వచ్చినప్పటి నుంచి దాదాపు అన్ని కేసుల్లోనూ దారి ఒకటే, ఓనర్‌కి వచ్చింది, తర్వాత పెట్‌కి వచ్చింది. పిల్లులకి తేలిగ్గా అంటుతుంది, కుక్కలకి తక్కువ. పిల్లి జాతి మొత్తం అంతే అనుకోండి, మన హైదరాబాద్ నెహ్రూ జూ పార్క్‌లో 2021 మే మొదట్లో 8 ఆసియా సింహాలకి పాజిటివ్ అని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ తేల్చింది కదా, అవి తర్వాత కోలుకున్నాయి. ఆ తర్వాతి నెలలోనే చెన్నై దగ్గర వండలూరు జూలో మాత్రం ఒక ఆడ సింహం చనిపోయింది.

ఇంట్లో పిల్లికి వచ్చినా ఎక్కువసార్లు ఏమీ కనపడదు, లేదంటే రెండు తుమ్ములు, ముక్కు కారడం, ఒక రోజు నీరసం. అంతే.

చెయ్యాల్సింది ఏంటంటే, జబ్బు పడ్డ మనిషి కాకుండా ఇంకొకరు తిండి పెట్టాలి, లిట్టర్ (పిల్లి దొడ్డికెళ్ళే ట్రేలోది) ఎత్తాలి, వాకింగ్‌కి తీసుకెళ్ళాలి. ముద్దులు, మూతి నాకించుకోవడం, మీ కంచంలోది తీసి పెట్టడం, ఒకే మంచం మీద పడుకోవడం ఆ కొన్ని రోజులు ఆపెయ్యండి. ఒంటరిగా ఉండేవాళ్ళయితే ఇంకెవరు చూస్తారు అనే ప్రశ్న వస్తుంది, మీరే చూడొచ్చు, మాస్క్ పెట్టుకుని ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. పిల్లి బయట తిరిగే అలవాటుదైతే మీకు నెగెటివ్ వచ్చేదాకా లోపలే ఉంచండి.

పెట్స్‌కి మాస్క్ కట్టకండి, ఊపిరాడదు. శానిటైజర్‌తో కాళ్ళు తుడవకండి, డెట్టాల్ నీళ్ళతో స్నానం చేయించకండి. డెట్టాల్‌లో ఉండే మందు పిల్లులకి విషం, ఒంటి మీద పడితే నాకుతుంది, నాకితే లోపలికి పోతుంది. నల్ల ఫినాయిల్ కూడా అంతే. మనుషుల కోవిడ్ టెస్ట్ కిట్‌లోని పుల్ల తీసి కుక్క ముక్కులో పెట్టే ప్రయోగాలు కూడా వద్దు, ఆ కిట్ వాటి కోసం చేసింది కాదు.

పెట్ నుంచి మనిషికి రాదా అంటే, రావడం చాలా అరుదు. థాయ్‌లాండ్‌లో 2021లో ఒక వెటర్నరీ డాక్టర్ పిల్లి ముక్కులోంచి శాంపిల్ తీస్తుంటే అది ఆమె మొహం మీదే తుమ్మింది, మాస్క్, గ్లౌజులు ఉన్నాయి గానీ కళ్ళకి ఏమీ లేదు, ఆమెకి కోవిడ్ వచ్చింది. అలాంటి ఒక్క కేసు చూపించి కుక్కని రోడ్డు మీద వదిలేసి రావడం ఏ లెక్కన చూసినా తప్పే, 2020లో అలా వదిలేసినవాళ్ళు మన ఊళ్ళల్లోనూ ఉన్నారు.

జంతువుల కోసం హిసార్‌లోని గుర్రాల పరిశోధన కేంద్రం తయారుచేసిన అనోకోవాక్స్ అనే టీకా 2022 జూన్‌లో విడుదలైంది. కానీ కుక్కలకి రొటీన్‌గా వేసే టీకాల్లో అది లేదు, దాని కోసం తిరగక్కర్లేదు. యాంటీ రేబిస్ డేట్ దాటిపోకుండా చూసుకోండి ముందు.

3వ స్టెప్: డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు ఇంట్లో చూసుకోవాల్సినవి

"ఎలాగో ఉందండి, డల్‌గా ఉంది" అని చెబితే ఏ డాక్టర్‌కీ ఏమీ అర్థం కాదు. లెక్కలతో వెళ్ళండి.

జ్వరం: డిజిటల్ థర్మామీటర్ కొనకి కాస్త వాజిలిన్ రాసి మలద్వారంలో ఒక సెంటీమీటరు, పెద్ద కుక్కకైతే రెండు, మెల్లిగా పెట్టాలి. మనకి 102 అంటే జ్వరం, వీటికి 100.5 నుంచి 102.5 దాకా నార్మలే. 103 దాటితే రాసుకోండి. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అనేదాన్ని బట్టి జ్వరం తేల్చే పద్ధతి పెద్దవాళ్ళు చెబుతారు గానీ నమ్మకండి.

ఊపిరి: బాగా నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చుని డొక్క ఎన్నిసార్లు లేచి దిగుతోందో 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. 30 లోపు ఉంటే బాగున్నట్టు, 40 దగ్గరికి వెళ్తుంటే ఆ రోజే చూపించాలి. పిల్లి నోరు తెరుచుకుని ఆయాసపడుతుంటే ఇంక లెక్కలేం వద్దు, క్యారియర్‌లో పెట్టి బయల్దేరడమే, దారిలో నీళ్ళు పట్టడం, తిండి కుక్కడం చెయ్యకండి.

బరువు: బాత్రూమ్ స్కేల్ మీద పిల్లిని ఎత్తుకుని నిలబడితే అర కిలో తేడా కూడా తెలీదు. కిరాణా కొట్లో ఉండే ఎలక్ట్రానిక్ కాటా లాంటిది చిన్నది ఒకటి కొనుక్కోండి, బుట్ట పెట్టి టేర్ బటన్ కొట్టి (బుట్ట బరువు సున్నా అవుతుంది) అందులో పిల్లిని కూర్చోబెట్టండి. తర్వాత మందు డోసుకి ఇదే పనికొస్తుంది.

తిండి: పిల్లి రెండు రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా అది బొద్దుగా ఉండేదైతే, లివర్‌కి కొవ్వు పట్టి కొత్త జబ్బు మొదలవుతుంది. కాబట్టి "రేపు తింటుందిలే" అనొద్దు.

ఈ లోపు ఇంట్లో డోలో 650 ఉంది కదా అని చిన్న ముక్క వేస్తారు చూడండి, అది మాత్రం చచ్చినా చెయ్యకండి. పారాసెటమాల్‌ని పిల్లి లివర్ అరిగించుకోలేదు, ఒక్క బిళ్ళ చాలు ప్రాణం పోవడానికి. చిగుళ్ళు గోధుమ రంగులోకి తిరుగుతాయి, మొహం వాస్తుంది. ఆల్రెడీ వేసేసి ఉంటే సిగ్గుపడకుండా ఎంత వేశారో, ఎన్నింటికి వేశారో డాక్టర్‌కి చెప్పండి, దానికి విరుగుడు మందు ఉంది, కానీ టైమ్ ముఖ్యం. కుక్కలకి ఐబూప్రొఫెన్, కాంబిఫ్లామ్ లాంటివి కూడా వద్దు.

4వ స్టెప్: కుక్క అయితే

దీన్ని త్వరగా ముగిద్దాం, ఎందుకంటే కుక్కల కరోనా ఒక్కటే వస్తే పెద్ద విషయం కాదు. చిన్న కుక్కపిల్లలకి నాలుగు రోజులు లూజ్ మోషన్స్, కొంచెం వాంతులు, తర్వాత తగ్గిపోతుంది. అసలు భయం పార్వో, పైకి రెండూ ఒకేలా మొదలవుతాయి, రెండూ కలిసి వస్తే ఇంకా దారుణం. రక్తంతో నీళ్ళలా విరేచనం, ఒక రకమైన కుళ్ళు వాసన, వరుసగా వాంతులు ఉంటే పార్వో అనుకునే పరిగెత్తండి. మెడ వెనక చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే వెనక్కి వెళ్ళకుండా అలాగే నిలబడిందంటే ఒంట్లో నీళ్ళు అయిపోయాయి, సెలైన్ ఎక్కించాల్సిందే, ఇంట్లో ఎలక్ట్రాల్ పట్టించడం సరిపోదు.

టీకా కార్డు మీద 9 ఇన్ 1 (తొమ్మిది కలిపి ఒకే టీకా) అని స్టిక్కర్ ఉంటే అందులో కుక్కల కరోనా కూడా కలిపి ఉండొచ్చు. దానికీ కోవిడ్‌కీ ఏ సంబంధమూ లేదు. ప్రపంచ స్థాయి వెటర్నరీ సంఘం గైడ్‌లైన్స్ అసలు ఈ కుక్కల కరోనా టీకా వెయ్యమని సిఫార్సు చెయ్యవు, పార్వో, డిస్టెంపర్, హెపటైటిస్ ఉంటే అసలైన పని అయిపోయినట్టే. 7 ఇన్ 1 వేశారని, 9 ఇన్ 1 దొరకలేదని కంగారు పడేవాళ్ళ కోసం ఇది చెబుతున్నా.

5వ స్టెప్: పిల్లి అయితే, ఇక్కడ ఆగి నిదానంగా చదవండి

పిల్లుల కరోనా చాలా కామన్. నాలుగైదు పిల్లులున్న ఇంట్లో, బ్రీడర్ల దగ్గర, షెల్టర్లలో టెస్ట్ చేస్తే సగానికి పైగా పాజిటివ్ వచ్చినా ఆశ్చర్యం లేదు. మలంలోంచి బయటికి వస్తుంది, లిట్టర్ ట్రే ద్వారా ఇంకో పిల్లికి వెళ్తుంది, చాలా పిల్లుల్లో రెండు రోజుల లూజ్ మోషన్ తప్ప ఏమీ చెయ్యదు. కానీ కొన్నిట్లో, సుమారు 5 నుంచి 10 శాతం అని చెబుతారు, ఈ వైరస్ ఒంట్లోనే మారిపోయి పేగులు వదిలి రక్తంలోకి దిగుతుంది. అప్పుడు దాన్ని ఎఫ్‌ఐపీ (ఫెలైన్ ఇన్ఫెక్షియస్ పెరిటోనైటిస్) అంటారు, ప్రాణం తీసే జబ్బు ఇదే. ఎక్కువగా రెండేళ్ళ లోపు పిల్లుల్లో వస్తుంది. ఇల్లు మారడం, ఆపరేషన్, కొత్త పిల్లి రావడం లాంటి స్ట్రెస్ తర్వాత బయటపడుతుంది. మన దగ్గర పర్షియన్ పిల్లికూనల్ని కొనుక్కొచ్చిన కొన్ని వారాలకే ఇలా అవడం వెనక ఇదే కథ చాలాసార్లు.

ఇది రెండు రకాలుగా కనపడుతుంది. తడి రకంలో పొట్టలోనో ఛాతీలోనో నీరు చేరుతుంది. వీపు మీద చెయ్యి పెడితే వెన్నుపూసలు గుచ్చుకుంటాయి, కింద పొట్ట మాత్రం నీళ్ళ బెలూన్‌లా వేలాడుతుంది. లావైన పిల్లికి వీపు కూడా నిండుగా ఉంటుంది కదా, తేడా అక్కడే పట్టుకోవాలి. పొడి రకం మోసం ఎక్కువ, యాంటీబయాటిక్‌కి లొంగని జ్వరం, నెమ్మదిగా బరువు తగ్గడం, ఒక కన్ను రంగు మారడం, నడకలో తూలడం, చెవుల లోపల పసుపు.

ఇప్పుడు టెస్టుల సంగతి. యాంటీబాడీ పాజిటివ్ అంటే ఎఫ్‌ఐపీ అని కాదు, ఎప్పుడో ఒకప్పుడు కరోనా తగిలింది అని మాత్రమే. ఆ ఒక్క కాగితం చూసి ఇంజెక్షన్ ఇచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చేద్దాం అంటే ఒప్పుకోకండి, ఇంకో డాక్టర్‌కి చూపించండి. అలాగే మలం టెస్ట్ పాజిటివ్ వచ్చినా అంతే. అడగాల్సినవి ఇవి: సీబీసీ (రక్త కణాల లెక్క), బిలిరుబిన్, టోటల్ ప్రోటీన్, ఆల్బుమిన్, గ్లోబులిన్, ఒక అల్ట్రాసౌండ్. ఆల్బుమిన్‌ని గ్లోబులిన్‌తో భాగిస్తే వచ్చే అంకె 0.4 కంటే తక్కువుంటే ఎఫ్‌ఐపీ అనుమానం బలంగా ఉన్నట్టు, 0.8 పైన ఉంటే దాదాపు కాదన్నట్టు. కొన్ని ల్యాబ్‌లు ఈ అంకె వెయ్యవు, మీరే ఫోన్ క్యాలిక్యులేటర్‌లో చేసుకోవచ్చు.

పొట్టలో నీరుంటే ఇంకా తేలిక. డాక్టర్ సూదితో కొంచెం తీస్తారు, అది గడ్డివాము రంగులో, కాస్త జిగటగా, తీగలా సాగుతుంటుంది. రివాల్టా టెస్ట్ అని ఒకటుంది, ఖర్చు లేనిది, చిన్న క్లినిక్‌లో కూడా అవుతుంది. ట్యూబులో డిస్టిల్డ్ వాటర్ పోసి ఒక చుక్క ఎసిటిక్ యాసిడ్ కలుపుతారు, పైన ఈ పొట్ట నీరు ఒక చుక్క వదుల్తారు. చుక్క కరిగిపోయి నీళ్ళు తేటగా ఉంటే నెగెటివ్, ఎఫ్‌ఐపీ కాకపోవచ్చు. చుక్క చెదరకుండా పైనే వేలాడినా, తోక ఒకటి వదుల్తూ మెల్లిగా కిందకి దిగినా పాజిటివ్. పాజిటివ్ ఒక్కటే సాక్ష్యం కాదు, క్యాన్సర్‌లో, పొట్టలో చీము పట్టినప్పుడు కూడా వస్తుంది, అందుకే మిగతా రిపోర్టులతో కలిపి చూడాలి. పీసీఆర్‌కి పంపే వీలుంటే ఈ నీటినే పంపమనండి, మలాన్ని కాదు. ఊపిరి ఇబ్బంది లేకపోతే పొట్ట నీరంతా తోడెయ్యమని డాక్టర్ మీద ఒత్తిడి పెట్టకండి, తీసినా మళ్ళీ చేరుతుంది, ఛాతీలో ఉంటే మాత్రం తియ్యాల్సిందే.

6వ స్టెప్: మందు

2019 దాకా ఎఫ్‌ఐపీ అంటే చావు కబురే. ఆ ఏడాది అమెరికాలో డేవిస్ యూనివర్సిటీలో పెడర్సన్ అనే వెటర్నరీ సైంటిస్ట్ టీమ్ జీఎస్-441524 అనే మందుని 31 పిల్లుల మీద వాడి చూసింది, 26 పిల్లులు 12 వారాల కోర్సు పూర్తి చేశాయి, చివరికి 25 చాలాకాలం బతికాయి. మనం కోవిడ్ సెకండ్ వేవ్‌లో క్యూలు కట్టి కొన్న రెమ్‌డెసివిర్ ఉంది చూశారా, అది ఒంట్లోకి వెళ్ళాక మారేది ఈ జీఎస్ గానే. 2023లో సైప్రస్‌లో పిల్లుల కరోనా, కుక్కల కరోనా కలిసిపోయి పుట్టిన కొత్త రకం వేల పిల్లుల మీద పడితే అక్కడి ప్రభుత్వం మనుషుల కోవిడ్ కోసం దాచిన మోల్నుపిరావిర్ గోలీలు పిల్లులకి ఇవ్వడానికి ఒప్పుకుంది.

కాబట్టి మందు ఉంది, పనిచేస్తుంది. మన దగ్గర ఇబ్బంది ఏంటంటే జీఎస్ ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లో, లేబుల్ సరిగ్గా లేని వయల్స్‌లో, గోలీల్లో చేతులు మారుతుంటుంది, లోపల రాసినంత మందు ఉందో లేదో ఎవరికీ తెలీదు. నా మాట ఏంటంటే ముందు ఎఫ్‌ఐపీ ట్రీట్ చేసిన అనుభవం ఉన్న డాక్టర్‌ని పట్టుకోండి, మందు ఎక్కడ తెప్పించాలో ఆయన్నే అడగండి, రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్‌తో మొదలుపెట్టి గోలీలకి మారడం కూడా ఒక పద్ధతి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల హాస్పిటల్స్‌లో టెస్టులు, సలహా రెండూ అడగొచ్చు.

డోసు నేను చెప్పను, ఎందుకంటే తడి రకానికి ఒకటి, కళ్ళకి ఎక్కితే ఎక్కువ, మెదడుకి ఎక్కితే ఇంకా ఎక్కువ. కానీ మీ చేతిలో ఉన్న పనులు ఇవి. రోజూ ఒకే టైమ్‌కి ఇవ్వాలి, ఫోన్‌లో అలారం పెట్టుకోండి. వారానికోసారి బరువు చూసి డాక్టర్‌కి మెసేజ్ పెట్టండి, పిల్లి కోలుకుంటూ బరువు పెరుగుతుంది, పాత డోసే ఇస్తూ పోతే తక్కువై జబ్బు తిరగబెడుతుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. రెండు మూడు రోజుల్లో జ్వరం దిగి తిండి మొదలుపెడితే దారిలో పడినట్టు, వారం అయినా మార్పు లేకపోతే డోసో, మందు క్వాలిటీయో, అసలు జబ్బు అదేనా అన్నదో మళ్ళీ చూడాలి.

ఇంజెక్షన్ అయితే మంట పుడుతుంది, పిల్లి అరుస్తుంది, రోజూ చోటు మారుస్తూ వెయ్యాలి. మోల్నుపిరావిర్ వాడుతుంటే క్యాప్సూల్ విప్పి పొడి పంచే పని గర్భిణులు చెయ్యకూడదు, మిగతావాళ్ళు కూడా గ్లౌజులు వేసుకోవాలి.

ఎన్నాళ్ళు? మామూలుగా 84 రోజులు. తడి రకం పిల్లుల్లో 42 రోజులు కూడా అంతే బాగా పనిచేసిందని 2024లో జర్మనీలోని మ్యూనిక్ యూనివర్సిటీ వాళ్ళు 40 పిల్లుల మీద చూపించారు, అయినా తగ్గించాలా వద్దా అనేది రిపోర్టులు చూసి డాక్టర్ చెప్పాలి, డబ్బులైపోయాయి, పిల్లి ఎగురుతోంది అని మీరే మధ్యలో ఆపెయ్యకండి. నెలకోసారి బ్లడ్ టెస్ట్ చేయించండి.

7వ స్టెప్: ఇల్లు, ట్రే, మిగతా పిల్లులు

మనం వాడే ఇసుక ట్రే అయినా, కొన్న లిట్టర్ అయినా రోజుకి రెండుసార్లు ఎత్తాలి. పిల్లులెన్నో ట్రేలు అంతకంటే ఒకటి ఎక్కువ ఉండాలి, తిండి గిన్నెలకి దూరంగా ఉండాలి. వారానికోసారి ట్రే ఖాళీ చేసి ముందు సబ్బుతో బాగా కడిగి, తర్వాత లీటరు నీళ్ళకి 30 మిల్లీలీటర్ల బ్లీచ్ కలిపి పది నిమిషాలు ఉంచి, కడిగి ఎండలో పెట్టండి. ముందు కడగమన్నది ఎందుకంటే ఉచ్చ మీద నేరుగా బ్లీచ్ పోస్తే ఘాటు గ్యాస్ వస్తుంది, మూసిన బాత్రూమ్‌లో అది మీకే ప్రమాదం. యాసిడ్‌తో అస్సలు కలపకండి.

మిగతా పిల్లుల్ని వేరే గదిలో పెట్టాలా అంటే అక్కర్లేదు, వాటికి మామూలు కరోనా ఈపాటికే తగిలి ఉంటుంది, ఎఫ్‌ఐపీగా మారిన రకం సాధారణంగా ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకదు, సైప్రస్ రకం దానికి మినహాయింపు. ఎఫ్‌ఐపీతో పిల్లి పోయిన ఇంట్లో కొత్త పిల్లిని తేవాలంటే రెండు నెలలు ఆగండి, పొడి మలంలో ఈ వైరస్ ఏడు వారాల దాకా బతుకుతుంది. పాత ట్రే, స్కూపు పారేసి కొత్తవి కొనండి.

కోర్సు ముగిశాక ఇంకో 12 వారాలు కళ్ళల్లో వత్తులు వేసుకుని చూడాలి. ఆ టైమ్‌లో ఆపరేషన్, బోర్డింగ్, ఊరు మార్చడం లాంటివి వాయిదా వెయ్యండి, వారం వారం బరువు, అనుమానమొస్తే జ్వరం రాసుకోండి. మళ్ళీ జ్వరమొచ్చినా, తూలినా, తిండి మానేసినా అదే రోజు డాక్టర్‌కి చెప్పండి, తిరగబెట్టిన పిల్లులు కూడా పెంచిన డోసుతో చాలావరకు కోలుకుంటాయి.